పన్నెండో వీపు

నేను రేవుకి చేరేసరికి మూడు దాటింది. అప్పటికే ప్రెంటిస్ కేసు తేల్చేశాడు.

“నీళ్ళు రెండు డిగ్రీలున్నాయి, సార్జెంట్ కీపింగ్,” అన్నాడు, చేతి గడియారం నాకు కనబడేలా మణికట్టు తిప్పి. “ఆవిడ పడింది పదకొండూ యాభైకి. పన్నెండున్నరకల్లా ప్రాణం పోయుంటుంది. ఆరింటిదాకా హెలికాప్టర్ వెతుకుతుంది. దొరికితే శవమే దొరుకుతుంది. ఈలోగా పడవ నడిపిన స్నూక్ మీద కాగితాలు రాసేస్తాను. మీ సంతకం ఒక్కటి చాలు.”

డోయల్ ప్రెంటిస్ రాజధాని నుంచి వచ్చిన నౌకాప్రమాదాల విచారణాధికారి. నేను ఊనా కీపింగ్‌ని, ఈ తీరపు పోలీసుని. ఇదివరకు ఇద్దరం కలిసి రెండు కేసులు చూశాం. రెండింటినీ అతను తొందరగా ముగించాడు. ఒకదాన్ని సరిగ్గా ముగించాడు.

కాగితం మీద అంతా శుభ్రంగా ఉంది. ఆంబ్రోస్ స్నూక్, అతని భార్య ఫిలమీనా వేసవిలో యాత్రికులని ‘మిస్ డల్సీ’ అనే పడవ మీద తిప్పి తిమింగలాలనీ, సముద్రపక్షులనీ, నీళ్ళలో తేలే మంచుకొండలనీ చూపిస్తారు. ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకి పన్నెండు మందితో బయల్దేరారు. కెటిల్ ద్వీపంలో గంటసేపు దిగారు. పదకొండున్నరకి ఫిలమీనా తలలు లెక్కపెట్టింది. పన్నెండు. పదకొండూ యాభైకి దారిలో ఒక మంచుకొండ బోర్లా తిరగబడింది. పడవ విపరీతంగా ఊగింది. పన్నెండూ ఇరవైకి రేవులో దిగినవాళ్ళు పదకొండు మంది. కనబడని మనిషి మార్గో లింటన్, యాభై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ టీచరు. హామిల్టన్ నగరం నుంచి చెల్లెలితో కలిసి వచ్చింది.

ముందు ఆంబ్రోస్‌తో మాట్లాడాను. చేపల కొట్టులో, తలకిందులు చేసిన ఒక తొట్టి మీద కూచున్నాడు. అరవై దాటిన మనిషి. చేతులు మోకాళ్ళ మీద బోర్లించి, వాటిని ఎవరో తనకి దాచమని ఇచ్చినట్టు చూసుకుంటున్నాడు.

“మంచుకొండకి ఎంత దూరంలో ఉన్నావు స్కిప్పర్?”

“అర కిలోమీటరు పైనే అమ్మాయ్. అంతకన్నా దగ్గరికి నేనెప్పుడూ పోను. నీకు తెలుసుగా.”

“తిరగబడ్డప్పుడు వెనక్కి చూశావా?”

“చుక్కాని వదిలి ఎలా చూస్తాను? అలకి ఎదురు తిప్పాను. అంతే. ఎవరూ అరవలేదు. మనిషి పడితే ఎవరో ఒకరు అరవరూ?”

“పడవలోకి బయటివాళ్ళెవరైనా ఎక్కారా?”

“బయటివాళ్ళా? ఎవరూ ఎక్కలేదు.”

అతను అబద్ధమాడటం లేదు. చిన్నప్పటి నుంచీ ఇలాంటి ముఖాల మధ్యే పెరిగాను. ఇక్కడివాళ్ళు అబద్ధం చెప్పాలంటే ముందు ఒక జోకు వేస్తారు. ఆంబ్రోస్ జోకు వెయ్యలేదు.

“పన్నెండేళ్ళుగా చేస్తున్నానమ్మాయ్ ఈ పని,” అన్నాడు నేను లేస్తుంటే. “ఒక్క టోపీ కూడా పోలేదు.”

చెల్లెలు సిల్వియా చర్చి హాల్లో ఉంది. ముందున్న టీ చల్లారి పైన తెట్టు కట్టింది. నేను కూచోగానే, నేను అడగకముందే మొదలుపెట్టింది.

“పొద్దున టిఫిన్ దగ్గర చిన్న మాటామాటా అనుకున్నాం. నా సూట్‌కేసు గురించి. చాలా చిన్న విషయం.”

“తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ఎక్కడ కూచుంది?”

“పడవ వెనకాల. చిట్టచివర. నాకు కడుపులో తిప్పుతుంటే లోపలి గదిలో కూచున్నాను. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది.”

“ముఖం చూశారా?”

“వీపు చూశాను.” నా చూపులో ఏం కనిపించిందో, గొంతు పెంచింది. “మా అక్క వీపు నాకు తెలీదా? యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. కోపమొస్తే అలాగే ముడుచుకుని కూచుంటుంది, ముందుకి వంగి, చేతులు లోపలికి పెట్టుకుని. ప్రపంచమంతా తనకి అన్యాయం చేసినట్టు.”

“పిలిచారా?”

“లేదు. ఈసారి ముందు తనే పలకాలి అనుకున్నాను.” ఆ మాట బయటికొచ్చాక అది ఎంతసేపు తనతో ఉండబోతోందో ఆమెకి అర్థమైంది. కప్పు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

నేను ఒంటరిగా ఉంటాను. నన్ను వీపు చూసి గుర్తుపట్టే మనిషి లేదు. అందువల్లనేమో, ఆ ధీమా నాకు కొంచెం అసూయ కలిగించింది. ఆ వెంటనే అనుమానమూ కలిగించింది. బాగా తెలిసిన మనిషిని మనం చూడం. ఒక వంపో ఒక రంగో కనబడితే, మిగతాది మనమే నింపుకుంటాం.

‘మిస్ డల్సీ’ చుట్టూ ప్రెంటిస్ ఎర్ర టేపు కట్టించాడు. నేను దాన్ని ఎత్తి లోపలికి దూరితే నా వెనకే వచ్చాడు.

“ఏం వెతుకుతున్నారు?”

“ఆవిడ ఒంటి మీద తేలే సూటు ఉందిగా?”

“అందరికీ ఉంది. నారింజ రంగువి. పన్నెండు ఇచ్చారు. పదకొండు తిరిగొచ్చాయి.”

“అది మునిగే బట్ట కాదు. సముద్రం అద్దంలా ఉంది. రెండు గంటలుగా హెలికాప్టర్ తిరుగుతోంది. నారింజ రంగు కనబడలేదు.”

“ప్రవాహం లాక్కుపోయుంటుంది.”

“పన్నెండింటి నుంచీ పోటు. పోటప్పుడు అక్కడి నీళ్ళు మన వైపే వస్తాయి. ఆ సూటు ఈపాటికి చర్చి కింది రాళ్ళకి తగిలి ఉండాలి. అడగండి, ఈ ఊళ్ళో ఐదేళ్ళ పిల్లైనా చెబుతుంది.”

“ఐదేళ్ళ పిల్లల సాక్ష్యం నేను రాయను.”

పడవ వెనక భాగం కటకటాలు నడుమెత్తు ఉన్నాయి. జారిన గీత లేదు, చిరిగిన పేలిక లేదు. చుక్కాని గదిలో బెంచీ కింద ఒక పెట్టె ఉంది. మూత తీశాను. లోపల మరో నారింజ సూటు.

“పదమూడోది. అదనంగా ఉంచేది,” అన్నాడు ప్రెంటిస్. “తడిగా ఉంది, చూశారా? పెట్టెలోకి నీళ్ళు కారుతున్నాయి. నిర్లక్ష్యం. అదీ రాశాను.”

సూటు పైకి తీసి పెట్టె అడుగున అరచెయ్యి పెట్టి తడిమాను. కొయ్య ఎండుగా గరగరలాడింది.

“పెట్టె పొడిగా ఉంది ప్రెంటిస్. సూటు ఒక్కటే తడిసింది. పొద్దున జల్లు పడింది కదా, అప్పుడు ఎవరో తొడుక్కున్నారు.”

సూటు జిప్పు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లోపల, గుండె ఆనే చోట, ఒక వాసన. మెడపట్టీ అంటుకునే చోట తెల్లటి ఉంగరాల వెంట్రుకలు నాలుగైదు ఇరుక్కుని ఉన్నాయి. వేళ్ళతో నలిపితే జిడ్డు తగిలింది.

“ఏంటది?”

“గొర్రెపిల్ల బొచ్చు.”

“యాత్రికుల పడవలో గొర్రెపిల్లా?” నవ్వాడు. “సార్జెంట్, మీరు పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?”

నేను అప్పటికే గట్టెక్కి నడుస్తున్నాను. టైము నాలుగూ ఐదు.

ఫిలమీనా ఇంటికి వెనక తలుపు నుంచి వెళ్ళాను. ప్రెంటిస్ వెనక వస్తూ, తెరిచి ఉన్న తలుపుని మర్యాదగా మూడుసార్లు కొట్టాడు. ఈ ఊళ్ళో తలుపు కొట్టేది చెడ్డ కబురు తెచ్చేవాళ్ళే. లోపల ఏదో ధబ్బున పడింది.

“అయ్యో దేవుడా, దొరికిందా?” ఫిలమీనా గోడ పట్టుకుని నిలబడింది. నేల మీద పిండిముద్ద.

“లేదు ఫిల్ అత్తా. నేనే. కూచో.”

“నువ్వైతే కొట్టడమెందుకే?”

“ఈయన కొట్టాడు.”

“బాబూ, మరోసారి అలా చెయ్యకు, నా గుండె ఆగేలా ఉంది.” పిండిముద్ద తీసి, దులిపి, మళ్ళీ బల్లమీద వేసి పిసకసాగింది. ఆపితే చేతులు ఏం చేస్తాయో అన్న భయంతో పిసుకుతోంది.

“అత్తా, ఎలై బాబాయ్ తన గొర్రెలని ఈ ఏడాది కూడా కెటిల్ ద్వీపంలోనే వదిలాడా?”

“ఇంకెక్కడ వదులుతాడు? మే నెలలోనే దింపాడు. నిన్న చూడ్డానికి వెళ్ళాడు, ఎవరో పీతలవాళ్ళు తీసుకెళ్ళి దింపారు. ఒక పిల్లకి కాలు బాలేదట. ఇంటికి తెచ్చుకున్నాడు పాపం.”

“ఎప్పుడు తెచ్చుకున్నాడు?”

“ఇవాళే.”

“ఎలా వచ్చాడు?”

“ఎలా వస్తాడేంటే నా తల్లీ, ఈదుకుంటూ వస్తాడా, డెబ్బై ఆరేళ్ళవాడు? మాతోనే వచ్చాడు. దారిలో వాళ్ళ చేపల పాక దగ్గర దింపేశాం.”

ప్రెంటిస్ నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“పడవలో ఎక్కడ కూచున్నాడు?”

“ఎప్పుడూ ఆంబ్రోస్ పక్కనే, చుక్కాని గదిలో. ఇవాళ మాత్రం ఇంజను పొగ పిల్లకి పడదని వెనక్కి…”

పిండిలో ఆమె చేతులు ఆగిపోయాయి.

“వెనక్కి వెళ్ళాడు. జల్లు పడుతుంటే నేనే సూటు ఇచ్చాను. పిల్లని లోపల పెట్టుకుని వంగి కూచున్నాడు.” ఆమె ముఖంలోంచి రంగు దిగిపోవడం చూశాను, కుండలోంచి నీళ్ళు దిగినట్టు. “ఊనా. నేను వెనకనుంచి లెక్కపెట్టాను. అందరూ తలమీదికి టోపీలు లాక్కున్నారు. నారింజ వీపులు లెక్కపెట్టాను. పన్నెండు వచ్చాయి.”

“అంటే యాత్రికులు…”

“పదకొండు మంది. ఆవిడ పడవ ఎక్కనే లేదు. నేను ఆవిడని అక్కడే వదిలేసి వచ్చాను.”

“ఇంత పెద్ద విషయం,” అన్నాడు ప్రెంటిస్, గొంతు తగ్గించుకోవడానికి కష్టపడుతూ, “ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు బయటివాళ్ళెవరైనా ఎక్కారా అని అడిగావు నాయనా. ఎలై బయటివాడా?”

ఆ ప్రశ్న నేనూ అడిగాను, అవే మాటల్లో. ఇక్కడ పుట్టిన నేనే అలా అడిగాను. ఇరుగుపొరుగు వాణ్ణి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేరవేయడం ఇక్కడ ఎవరికీ గుర్తుండే పని కాదు. ఊపిరి పీల్చానని ఎవరు చెబుతారు?

“మరి ఆ పదకొండు మందీ? వాళ్ళలో ఒక్కరూ చెప్పలేదే?” ప్రెంటిస్ తన పుస్తకం తిరగేస్తున్నాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“చదవండి,” అన్నాను.

“పన్నెండూ పది. పడవ ఒక పాక దగ్గర ఆగింది. పడవ సిబ్బందిలో ఒకడు దిగాడు.” పుస్తకం మూశాడు. “ఇద్దరు చెప్పారు. సిబ్బంది అన్నారు. నేను… సిబ్బంది అనే రాసుకున్నాను.”

యాత్రికులకి అతను పడవవాడు. పడవవాళ్ళకి ఇంటివాడు. చెల్లెలికి కోపంతో ఉన్న అక్క. ఎలై బాబాయ్ పొద్దున ఇందరి కళ్ళముందూ కూచుని, ఎలై బాబాయ్‌గా మాత్రం ఎవరికీ కనబడలేదు.

హెలికాప్టర్ ఇంధనం కోసం వెళ్ళింది, తిరిగి రావడానికి నలభై నిమిషాలంది రేడియో. ఊళ్ళో పడవలన్నీ మంచుకొండ దగ్గర వెతుకుతున్నాయి. రేవులో మిగిలింది ‘మిస్ డల్సీ’ ఒక్కటే. తూర్పున పొగమంచు గోడలా లేస్తోంది.

“ఆ పడవ సాక్ష్యం,” అన్నాడు ప్రెంటిస్. “దాన్ని కదపడానికి వీల్లేదు. పైగా స్నూక్‌తోనా? అతను నిందితుడు!”

“స్కిప్పర్, కత్తి ఇలా ఇవ్వు.”

కొట్టులోంచి బయటికొచ్చిన ఆంబ్రోస్, చేపలు కోసే కత్తి ఇచ్చాడు. ఎర్ర టేపు కోశాను. “రాసుకోండి ప్రెంటిస్. నాలుగూ ఇరవై రెండు. కోసింది నేను.”

నిజంగానే రాసుకున్నాడు. తర్వాత, పడవ గట్టు వదులుతుంటే, ఒక్క గంతులో లోపలికి దూకాడు. బూటు ఒకటి తడిసింది.

“సాక్ష్యం చెడిపోకుండా చూడ్డానికి,” అన్నాడు.

“కూచో బాబూ, పడతావు,” అంది ఫిలమీనా. ఆమె ఒక దుప్పటి, ఒక రొట్టె ఒళ్ళో పెట్టుకుని కూచుంది. రొట్టె నిన్నటిది.

తిన్నగా పోతే ముప్పై ఐదు నిమిషాల దారి. సగం దారిలో ఎడమవైపు ఒక తిమింగలం లేచి తోక ఎత్తి మునిగింది. పన్నెండేళ్ళుగా అటు చెయ్యి చూపించడమే ఆంబ్రోస్ బతుకు. ఇప్పుడు తల తిప్పలేదు.

ప్రెంటిస్ నా పక్కకి జరిగాడు. “ఆవిడ ద్వీపంలో ఉందనే అనుకుందాం. ఉంటే స్నూక్‌కి మంచిదనుకుంటున్నారా? బయల్దేరేముందు మూడుసార్లు హారన్ కొట్టాలని రూలు. కొట్టి, లెక్క తప్పితే నెల రోజులు పడవ ఆపేస్తారు, అంతే. కొట్టకుండా ఒక మనిషిని ఖాళీ ద్వీపంలో వదిలేస్తే లైసెన్సు పోతుంది, జీవితాంతం. ఆవిడకేమైనా అయితే జైలే.”

ఆంబ్రోస్ విన్నాడు. “కొట్టాను. ఎప్పుడూ కొడతాను.”

“ఎవరు విన్నారు?”

“వాళ్ళందరూ అక్కడే ఉన్నారుగా!”

“అందర్నీ అడిగాను. ఒక్కళ్ళకీ గుర్తులేదు.”

“అప్పుడు నేను కింద గదిలో టీకి నీళ్ళు పెడుతున్నాను,” అంది ఫిలమీనా. “విన్నాను.”

“మీరు ఆయన భార్య.”

“వేల పక్షులు బాబూ అక్కడ,” అన్నాడు ఆంబ్రోస్. “ఆ గోల నీకు తెలీదు. నా మాట నాకే వినబడదు.”

“అదే నేననేది. పడవలో ఉన్నవాళ్ళకే గుర్తులేనిది, గుట్ట మీద ఉన్నావిడకి ఎలా వినబడుతుంది?”

ప్రెంటిస్ అన్నది సబబుగానే ఉంది. ఇప్పుడు ఆంబ్రోస్‌కి సాక్షి ఒక్కతే. అతను వదిలేసి వచ్చిన మనిషి.

ఐదుకి మూడు నిమిషాలు ఉందనగా పొగమంచు అంచు చీలి ద్వీపం కనబడింది. నల్లటి కొండ, దాన్నిండా తెల్లటి పక్షులు. ఆ కింద ఎలై బాబాయ్ గుడిసె. దాని గొట్టంలోంచి పొగ.

“పొగ,” అన్నాను.

“పొయ్యి వెలిగించుకుంది,” అంది ఫిలమీనా. “ఆంబ్రోస్, చూడు, పొయ్యి వెలిగించుకుంది మహాతల్లి!” అతని భుజం మీద పిడికిలితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. “ఏడవకు ముసలాడా, ముందు రాళ్ళు చూసుకో!”

ప్రెంటిస్ కూడా లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తనకే తెలిసినట్టు లేదు. మళ్ళీ పెట్టుకున్నాడు.

మార్గో లింటన్ గుడిసె గుమ్మంలో నిలబడి ఉంది. నారింజ సూటు నడుం దాకా విప్పుకుని, చేతిలో ఒక రేకు మగ్గు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. మమ్మల్ని చూడగానే క్షమాపణలు మొదలుపెట్టింది.

“తాళం లేదండీ. లోపలికి వచ్చేశాను. ఎవరిదో టీపొడి, డబ్బాపాలు… ఫోను పనిచెయ్యలేదు… మొదటి గంట బాగానే ఉంది, ఆ తర్వాత చాలా భయమేసింది…”

“ఇలాంటప్పుడు పనికొస్తుందనే తాళం వెయ్యరమ్మా,” అంది ఫిలమీనా, ఆమెని దుప్పట్లో చుట్టేసి, తన ఒంటికి అదుముకుని, అటూ ఇటూ ఊపుతూ. “ఎలై పుల్లలు కూడా పేర్చి పెడతాడు. నా బంగారూ. నా తల్లీ. నేనే నిన్ను వదిలేశాను. నాదే తప్పు.”

ఆంబ్రోస్ లోపలికి రాలేదు. గుమ్మం బయట టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ప్రెంటిస్ పుస్తకం తెరిచి పెన్సిల్ తీశాడు. “మేడమ్, ఒక్క ప్రశ్న. పడవ బయల్దేరే ముందు…”

“సిల్వియా ఎలా ఉంది?” అంది ఆమె.

“బాగానే ఉన్నారు. మిమ్మల్ని పోగొట్టుకున్నానని బెంగతో ఉన్నారు.”

“నేను లేనని ఎప్పుడు గమనించింది?”

ప్రెంటిస్ పేజీ వెనక్కి తిప్పాడు. “పన్నెండూ ఇరవై ఐదుకి. రేవులో.”

“దాదాపు గంట.” మగ్గు కిటికీ గూట్లో పెట్టింది. ఆ కిటికీ ముందు ఒక ముక్కాలిపీట ఉంది. అందులోంచి కిందికి చూశాను. పడవ ఆగే రాయి అరవై అడుగుల దూరంలో ఉంది. మా తాడు ముడి కూడా కనబడుతోంది. ఒక క్షణంలో నాకు అర్థమైంది. అర్థమైనందుకు సిగ్గేసింది, ఎవరి డైరీయో తెరిచినట్టు. “ఆ గంటసేపూ నేను ఎక్కడున్నాననుకుంది?” అంది మార్గో.

ప్రెంటిస్ నా వైపు చూశాడు. చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆమె అడుగుతున్నది నిజం కోసమే.

“ఇక్కడి నుంచి ఒక పెద్దాయన ముందే పడవ ఎక్కాడు,” అన్నాను. “ఇదే సూటు. ఒళ్ళో గొర్రెపిల్లని పెట్టుకుని వంగి కూచున్నాడు. ఆయన్ని చూసి మీరే అనుకున్నారట మీ చెల్లెలు. కోపమొస్తే మీరు అలాగే కూచుంటారట.”

“ఆయన వయసెంత?”

“డెబ్బై ఆరు.”

ఆమె నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత పొట్ట పట్టుకుని. ఫిలమీనాకి కూడా నవ్వు అంటుకుంది. చివరికి ప్రెంటిస్ పెదవి కూడా వణికింది. మార్గో కళ్ళు తుడుచుకుంటూ ముక్కాలిపీట మీద కూచుంది. తుడుచుకోవడం ఆపలేదు. అది నవ్వు కాదని కాసేపటికి గాని మాకు తెలియలేదు.

“మేడమ్,” అన్నాడు ప్రెంటిస్, ఈసారి మెల్లగా. “హారన్ వినబడిందా?”

లేదు అంటే చాలు. ఎవరూ ఆమెని తప్పు పట్టరు. చెల్లెలు కాళ్ళ మీద పడుతుంది, ఊరు ఊరంతా జాలిపడుతుంది. ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ ఆంబ్రోస్ చేతుల్లో టోపీ గుండ్రంగా తిరుగుతోంది.

“విన్నాను,” అంది.

పెన్సిల్ ఆగింది.

“ఇక్కడే, ఈ పీట మీదే కూచుని ఉన్నాను. అందరూ ఎక్కడం చూశాను. సిల్వియా ఎక్కడం చూశాను. ఒక్కసారి వెనక్కి తిరిగి, అక్క ఏదీ అంటుందేమో చూద్దామనుకున్నాను. అంటే పరిగెత్తుకెళ్ళేదాన్ని. ఇంకొక్క నిమిషం చూద్దాం, ఇంకొక్క నిమిషం… పడవ కదిలింది. అప్పుడు అరిచాను. పక్షులు.”

“ఇది నేను రాయాలి మేడమ్,” అన్నాడు ప్రెంటిస్.

“రాయండి. సంతకం పెడతాను. సిల్వియాకి మాత్రం నేనే చెబుతాను.” ఆమె గుమ్మం బయటికి, నేరుగా ఆంబ్రోస్‌తో మాట్లాడింది. “మూడుసార్లు కొట్టారు మీరు. మూడోది చాలాసేపు కొట్టారు.”

గుమ్మం బయట ఆంబ్రోస్ చేతుల్లో టోపీ తిరగడం ఆగింది. గొర్రెల మధ్య, తడి గడ్డిలో, ఉన్నచోటే కూలబడ్డాడు.